ఫీజు మనది, మినహాయింపు ఎవరిది?

మృగశిర కార్తె వచ్చేసింది. దుక్కి సిద్ధం చేసుకుని విత్తనాల కొట్టు ముందు నిలబడే రోజులివి. ఇంటర్ పాసైన పిల్లలకు ఇంజనీరింగ్, డిగ్రీ, నర్సింగ్ సీట్ల హడావుడి కూడా ఈ వారాల్లోనే. పైవారిలాగా మనకు నెల నెలా జీతం రాదు. పంట చేతికి వచ్చేది సంక్రాంతి ముందో తర్వాతో. కాలేజీ మాత్రం ఫీజు ఇప్పుడే కట్టమంటుంది. విత్తనానికి, ఎరువుకు, కౌలుకు, ఫీజుకు అప్పు ఒకే నెలలో పుట్టాలి. ఏటా జూన్ సంచికలో విత్తనాల ధరల గురించి, నకిలీ విత్తనాల గురించి రాస్తూ వస్తున్నాం. ఈసారి ఫీజు గురించి రాయక తప్పదు.

గత నెల కమిటీ సమావేశంలో ఒక సభ్యుడు లేచి తన ఇంటి లెక్క చెప్పాడు. పేరు వద్దన్నాడు కనుక రాయడం లేదు. తెలంగాణలో పత్తి, మిర్చి వేసే రైతు. నాలుగెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. తమ్ముడు ప్రభుత్వ ఉపాధ్యాయుడు. అన్న కూతురు, తమ్ముడి కొడుకు ఒకే కాలేజీలో, ఒకే బ్రాంచిలో బీటెక్ చదివారు. ఏడాదికి ఫీజు లక్ష రూపాయలు. తమ్ముడు ఏటా ఆ రసీదు బడి ఆఫీసులో ఇచ్చాడు. ఆదాయపు పన్నులో 20 శాతం శ్లాబులో ఉన్నాడు, పాత పద్ధతిలోనే లెక్క వేయించుకున్నాడు. లక్ష రూపాయల ఫీజు మీద సెస్సుతో కలిపి ఏడాదికి రూ.20,800 పన్ను తగ్గింది. అన్నకు రీయింబర్స్‌మెంట్ కింద ఏడాదికి రూ.35 వేలు రావాలి. రెండేళ్లవి వచ్చాయి, రెండేళ్లవి రాలేదు. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లు ఇవ్వమంటే కాలేజీ వాళ్లు, "ప్రభుత్వం నుంచి రావాల్సిన డెబ్బై వేలు మీరు కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం" అన్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. నెలకు పద్నాలుగు వందలు, ఏడాదికి రూ.16,800 వడ్డీ.

అంటే ఒకే తల్లి పిల్లలు, ఒకే కాలేజీ, ఒకే ఫీజు. ఒకరికి ఏడాదికి రూ.20,800 మిగిలింది. ఇంకొకరికి ఏడాదికి రూ.16,800 పోతోంది. ఆ సభ్యుడు తమ్ముడి మీద కోపంతో చెప్పలేదు. "వాడికి వచ్చింది న్యాయమే. నాకెందుకు రాదు?" అని అడిగాడు. సమావేశంలో ఎవరి దగ్గరా సూటిగా జవాబు లేదు. అందుకే ఈ సంపాదకీయం.

ముందుగా తమ్ముడికి ఏ దారిన వచ్చిందో చూద్దాం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 80సి కింద, ఇద్దరు పిల్లల వరకు, దేశంలోని బడికో కాలేజీకో కట్టిన ట్యూషన్ ఫీజును ఆదాయంలోంచి తీసివేసి లెక్క వేయించుకోవచ్చు. గరిష్ఠం ఏడాదికి రూ.1.5 లక్షలు. ఆ లక్షన్నరలోనే పీఎఫ్, ఎల్ఐసీ, ఇంటి అప్పు అసలు అన్నీ ఇమడాలి. 2014లో పెట్టిన పరిమితి అది. ఈలోగా ఫీజులు ఎక్కడికి పోయాయో మనకు తెలుసు. డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజు ఈ లెక్కలోకి రావు. హాస్టల్ ఖర్చు, బస్సు ఖర్చు కూడా రావు. ఈ ఒక్క షరతులోనే పల్లెకు అన్యాయం దాగి ఉంది. పట్నం పిల్లవాడు ఇంట్లో తిని సిటీ బస్సులో కాలేజీకి పోతాడు. మన పిల్లలకు ఫీజు ఎంతో హాస్టల్ కూడా అంతే. చట్టం రాసినవాళ్లకు చదువు ఖర్చంటే ట్యూషన్ ఫీజు ఒక్కటే.

రెండోది సెక్షన్ 80ఈ. ఉన్నత చదువుకు బ్యాంకు నుంచి తీసుకున్న విద్యా రుణం మీద కట్టే వడ్డీ మొత్తాన్ని, ఎనిమిదేళ్ల దాకా, ఆదాయంలోంచి తీసివేస్తారు. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. ఏడాదికి రూ.75 వేలు వడ్డీ కట్టే ఉద్యోగి 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి రూ.23,400 పన్ను తగ్గుతుంది. ఆ వడ్డీ భారంలో మూడో వంతుకు దగ్గరగా ప్రభుత్వమే మోసినట్టు.

మనకు ఈ రెండూ ఎందుకు రావంటే, వ్యవసాయ ఆదాయం మీద కేంద్రానికి ఆదాయపు పన్ను లేదు. సెక్షన్ 10(1) అదే చెబుతుంది. అసలు పన్నే లేనప్పుడు పన్నులో తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? పైకి చూస్తే తర్కం సరిగ్గానే ఉంది. మినహాయింపు అనే ఏర్పాటు పుట్టుకలోనే తలకిందులుగా ఉందన్నది మాత్రం చాలామంది గమనించరు. లక్షన్నర ఫీజు కట్టిన వాళ్లను వరుసగా నిలబెట్టి చూడండి. పాత పద్ధతిలో 30 శాతం శ్లాబులో ఉన్న పెద్ద ఉద్యోగికి రూ.46,800 మిగులుతుంది. 20 శాతం వాడికి రూ.31,200. ఆదాయం ఇంకా తక్కువై పన్ను పడనివాడికి, మనలాంటివాడికి, సున్నా. ఆదాయం పెరిగేకొద్దీ సాయం పెరుగుతుంది, తగ్గేకొద్దీ తగ్గుతుంది. ఏ రేషన్ షాపులోనూ ఇలాంటి లెక్క నడవదు.

ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ఉద్యోగులకూ ఈ మినహాయింపులు కరిగిపోతున్నాయి. 2020 బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం తెచ్చారు. 2023-24 నుంచి, అడగకపోతే అదే వర్తించేలా చేశారు. అందులో పన్ను రేట్లు తక్కువ, కానీ 80సి లేదు, 80ఈ లేదు. 2025 బడ్జెట్ తర్వాత అందులో రూ.12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు. దాంతో చాలామంది ఉద్యోగులు అటే వెళుతున్నారు. కొత్త ఆదాయపు పన్ను చట్టం ఈ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు కూడా మారాయి; అందరి నోట నానినవి కనుక మేము పాత నంబర్లే వాడుతున్నాం. సారాంశం ఏమిటంటే, "చదువుకు ఖర్చు పెట్టిన తల్లిదండ్రులకు పన్నులో సాయం చేయాలి" అన్న ఆలోచన నుంచే ప్రభుత్వం మెల్లగా తప్పుకుంటోంది. ఉపాధ్యాయుడైన ఆ తమ్ముడికి రేపు ఆ సాయం ఉంటుందో లేదో. కాబట్టి ఇది రైతుకూ ఉద్యోగికీ పంచాయితీ కాదు. ఇద్దరి పిల్లల చదువూ ఎవరి బాధ్యత అన్నదే అసలు పేచీ.

పన్ను కట్టని కుటుంబానికి పన్ను దారిలో సాయం చేయడం కుదరదా? కుదురుతుంది. అమెరికాలో 2009 నుంచి కాలేజీ చదువులకు ఒక పన్ను రాయితీ నడుస్తోంది. అక్కడ అది ఆదాయంలోంచి తీసివేసే మినహాయింపు కాదు, కట్టాల్సిన పన్నులోంచే నేరుగా కొట్టివేసే రాయితీ. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల వరకు, నాలుగేళ్ల పాటు ఇస్తారు. పన్ను అసలే లేని కుటుంబానికి కూడా అందులో 40 శాతం, అంటే 1,000 డాలర్ల వరకు, చేతికే డబ్బు ఇస్తారు. ఆదాయం ఒక స్థాయి దాటినవాళ్లకు తగ్గిస్తూ పోయి చివరకు ఆపేస్తారు. అక్కడి చదువులు చౌక అని మేము అనడం లేదు. అక్కడి పిల్లలు మోసే విద్యా రుణాల భారం లోకానికి తెలిసిందే. పేదవాడికి రాయితీ ఇవ్వడానికి అతను పన్ను కట్టేవాడై ఉండనవసరం లేదని అక్కడి చట్టమే ఒప్పుకుందని మాత్రం చెబుతున్నాం. మన దగ్గర ఆ మార్గం లేదనడానికీ వీల్లేదు. పీఎం కిసాన్ కింద ఏడాదికి రూ.6,000 నేరుగా రైతు ఖాతాలో వేస్తున్నారు. ఖాతా నంబరు వాళ్ల దగ్గరే ఉంది, ఆధార్ వాళ్ల దగ్గరే ఉంది.

ఇక్కడ ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "రైతు పన్ను కట్టడు కదా, మళ్లీ రాయితీ ఎందుకు?" టీవీ చర్చల్లో ఈ మాట తరచూ వింటున్నాం. ఆదాయపు పన్ను కట్టడు, నిజం. పురుగు మందు డబ్బా కొంటే 18 శాతం జీఎస్టీ కడతాడు. ఎరువు బస్తా మీద 5 శాతం కడతాడు. ట్రాక్టర్ మీద నిరుటి సెప్టెంబర్ 22 దాకా 12 శాతం కట్టాడు, ఇప్పుడు 5 శాతం కడుతున్నాడు. డీజిల్ మీద కేంద్రానికి ఎక్సైజు, రాష్ట్రానికి వ్యాట్. వ్యాపారి తాను కట్టిన జీఎస్టీని తర్వాతి అమ్మకంలో సర్దుబాటు చేసుకుంటాడు. రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషనే ఉండదు కనుక కట్టింది కట్టినట్టే పోతుంది. పంట ధర మీద దాన్ని కలుపుకునే వీలూ లేదు, ధర మనం చెప్పం కదా. ఇంకో సంగతి. వ్యవసాయ ఆదాయం పేరుతో కోట్లు చూపించి పన్ను ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారని కాగ్ కూడా ఎత్తి చూపింది. వాళ్లను పట్టుకోండి, మేము అడ్డం రాము. ఏడెకరాల పత్తి రైతును వాళ్ల పక్కన నిలబెట్టి మాట్లాడకండి.

ప్రభుత్వాలు చెప్పే జవాబు ఇంకొకటి ఉంది: "మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది." ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం మన పల్లెల్లో ఎందరిని ఇంజనీర్లను, నర్సులను, ఫార్మసిస్టులను చేసిందో మనకు తెలుసు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేది లేదు. అయితే దాని ఇప్పటి రూపం చూడాలి. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థికి ఎంట్రన్స్ ర్యాంకు పది వేల లోపు వస్తే ఫీజంతా వస్తుంది. ఆ ర్యాంకు దాటితే రూ.35 వేలే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ షరతు లేదు. ఫీజు లక్ష దాటిన కాలేజీలో ముప్పై అయిదు వేలంటే మూడో వంతు. ఆదాయ పరిమితి బీసీ, ఈబీసీలకు పట్నంలో రూ.2 లక్షలు, పల్లెలో రూ.1.5 లక్షలు. పల్లెలో బతుకు చౌక అని ఆ తేడా పెట్టారు కాబోలు. పల్లె పిల్ల హాస్టల్లో ఉండి చదవాలన్న సంగతి ఇక్కడా ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి రూ.2.5 లక్షలు. అక్కడి తగాదా వేరు. ఒక ప్రభుత్వం డబ్బు తల్లుల ఖాతాల్లో వేసింది. వాళ్లు వారంలోగా కాలేజీకి కట్టాలి. తర్వాతి ప్రభుత్వం మళ్లీ కాలేజీ ఖాతాలకే మార్చింది. తల్లి ఖాతానా, కాలేజీ ఖాతానా అన్న వాదనలో రెండేళ్లు గడిచాయి. రెండు పద్ధతుల్లోనూ బకాయి మాత్రం బకాయిగానే ఉంది. తెలంగాణలో బకాయిల కోసం నిరుడు నవంబర్‌లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే కాలేజీలు మూసి కూర్చున్నాయి. యాజమాన్యం బంద్ పెడితే ప్రభుత్వం పిలిచి మాట్లాడుతుంది. సర్టిఫికెట్ కోసం కాలేజీ గేటు దగ్గర నిలబడిన తండ్రిని ఎవరూ పిలవరు.

ఇదంతా వ్యవసాయ సమస్య ఎలా అవుతుందని మనలోనే కొందరు అడుగుతున్నారు. 2019లో జాతీయ నమూనా సర్వే చేసిన వ్యవసాయ కుటుంబాల అధ్యయనంలో, దేశంలో సగటు వ్యవసాయ కుటుంబం నెల ఆదాయం అన్ని మార్గాలా కలిపి రూ.10,218. ఏడాదికి లక్షా ఇరవై రెండు వేలు. ఒక్క బీటెక్ విద్యార్థి ఫీజు, హాస్టల్ కలిపితే ఆ మొత్తం అక్కడికక్కడే సరి. అదే సర్వేలో అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాలు ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశంలో మనమే ముందున్నాం. కుటుంబానికి సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు రూ.2.45 లక్షలు, తెలంగాణలో సుమారు రూ.1.52 లక్షలు. అందులో విత్తనానిది ఎంత, ఆసుపత్రిది ఎంత, చదువుది ఎంత అని మనమే ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు. మద్దతు ధర లెక్కల్లో సీ2 కావాలని ఏళ్లుగా పోరాడుతున్నాం. సీ2లో భూమి కౌలు ఉంటుంది, పెట్టుబడి మీద వడ్డీ ఉంటుంది, ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. పిల్లల ఫీజు ఉండదు. పంట రుణమని తెచ్చింది కాలేజీకి కట్టి, పంటకు మళ్లీ షావుకారి దగ్గరకు పోతున్నాం. పంట పోయినప్పుడు ఆ అప్పు వ్యవసాయ అప్పుగానే లెక్కకు వస్తుంది, అసలు కారణం మాత్రం కాలేజీ రసీదులో ఉంటుంది. సంఘంగా ఇది మా లోపం కూడా.

ఇప్పుడు అప్పుల మాట. ఇక్కడ కొన్ని విషయాలు వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే తెలియకపోవడం వల్ల మన సభ్యులు నష్టపోతున్నారు.

విద్యా రుణం రూ.4 లక్షల వరకు తనఖా లేకుండా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. మార్జిన్ డబ్బు కూడా అడగకూడదు. అయినా కొన్ని బ్రాంచీల్లో పట్టాదారు పాస్‌బుక్ తెమ్మంటున్నారు. కౌలు రైతుకు పాస్‌బుక్ ఎక్కడిది? రూ.7.5 లక్షల వరకు కేంద్రం గ్యారంటీ నిధి ఉంది. బ్యాంకుకు నష్టం వస్తే అందులో 75 శాతం ఆ నిధి భరిస్తుంది. కనుక "తనఖా లేదు, ఇవ్వం" అని నోటిమాటగా అంటే వెనక్కి రావద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తిరస్కరిస్తే కారణం కూడా రాతపూర్వకంగానే అడగండి. ఆ కాగితం ఉంటే ముందు బ్యాంకు పై అధికారులకు, నెల రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

అప్పు ఎవరి పేరు మీద తీసుకుంటున్నారో చూసుకోండి. చాలామంది తండ్రులు బంగారం కుదువ పెట్టో, పంట రుణం తిరగరాసో, తమ పేరు మీద తెచ్చి ఫీజు కడుతున్నారు. ఆ అప్పు చట్టం దృష్టిలో విద్యా రుణం కాదు. వడ్డీ రాయితీ రాదు, చదువు అయిన తర్వాత ఏడాది దాకా ఆగే వెసులుబాటూ రాదు. రేపు పిల్ల ఉద్యోగంలో చేరి ఆ వడ్డీ తనే కట్టినా, 80ఈ కింద ఒక్క రూపాయి మినహాయింపు రాదు. అదే విద్యా రుణం విద్యార్థి ప్రధాన రుణగ్రహీతగా, తండ్రి సహ రుణగ్రహీతగా తీసుకుంటే, ఉద్యోగం వచ్చాక పిల్ల కట్టే వడ్డీకి పాత పద్ధతిలో మినహాయింపు అడగవచ్చు. జీతగాళ్లు ఏటా రిటర్న్ వేసేటప్పుడు పాత పద్ధతా, కొత్త పద్ధతా ఎంచుకోవచ్చు. మొదటి ఉద్యోగాల జీతానికి కొత్త పద్ధతిలో అసలు పన్నే పడకపోవచ్చు, అప్పుడు ఈ గొడవే లేదు. రెండూ వేసి చూసుకోమని పిల్లలకు చెప్పండి. బంధువుల దగ్గర, షావుకారి దగ్గర తెచ్చిన అప్పుకు ఏ పద్ధతిలోనూ ఏమీ రాదు.

2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఏడాది ఆదాయం రూ.8 లక్షల లోపు కుటుంబాలకు, రూ.10 లక్షల వరకు రుణం మీద, చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం రూ.4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి కోర్సులు చదివేవారికి ఇంతకు ముందు నుంచే ఉన్న పథకం కింద ఆ కాలానికి వడ్డీ అంతా మాఫీ. వినడానికి బాగుంది. విద్యాలక్ష్మి మాత్రం జాతీయ ర్యాంకుల్లో ముందున్న కాలేజీలకు, కేంద్ర సంస్థలకు పరిమితం. దేశం మొత్తం మీద మొదట చేర్చినవి 860. మన జిల్లా కేంద్రాల్లో మన పిల్లలు చదివే కాలేజీల్లో అత్యధికం అందులో లేవు. ఐఐటీలో సీటు వచ్చిన పిల్లకు ఎలాగూ ఏ బ్యాంకయినా అప్పిస్తుంది. అప్పు పుట్టనిది మామూలు కాలేజీ పిల్లకు.

విదేశాల సంగతి రెండు మాటల్లో. ఎకరం అమ్మి కొడుకును అమెరికా పంపిన ఇళ్లు మన సభ్యుల్లో లేకపోలేదు. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న పల్లె పొలం అమ్మితే సాధారణంగా దాని మీద పన్ను పడదు. కానీ ఆ డబ్బు బయటికి పంపేటప్పుడు, ఏడాదిలో రూ.10 లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు ముందుగానే కొంత పన్ను పట్టుకుంటుంది. విద్యా రుణం డబ్బు పంపితే పట్టుకోదు. పొలం డబ్బు పంపితేనే ఈ తిప్పలు. ఆ పట్టుకున్న డబ్బు పోయినట్టే అనుకుని చాలామంది వదిలేస్తున్నారు. పోలేదు. మీకు పన్ను లేకపోయినా ఆ ఏడాదికి రిటర్న్ దాఖలు చేస్తే మొత్తం తిరిగి వస్తుంది. పాన్ కార్డు, పంపిన రసీదు దాచుకోండి. ఇంకొకటి: విదేశీ కాలేజీ ఫీజుకు 80సి ఎవరికీ వర్తించదు.

మన సంఘం ఏం అడుగుతోంది? చదువు ఖర్చుకు ఉద్యోగికి పన్నులో ఇచ్చే సాయం ఎంతో, పన్ను పరిధిలో లేని రైతు, కౌలు రైతు, కూలీ కుటుంబానికి అంత సాయం నేరుగా ఖాతాలో వేయాలి. ట్యూషన్ ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చు కూడా అందులో చేరాలి. డబ్బు లేదని ఎవరూ చెప్పనక్కర లేదు. మినహాయింపుల వల్ల ఎంత రాబడి వదులుకుంటున్నదీ కేంద్రమే ఏటా బడ్జెట్ కాగితాల్లో లెక్క చూపిస్తుంది, వ్యక్తుల విషయంలో 80సి అందులో ఎప్పుడూ పెద్ద పద్దే. పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి జనం మారేకొద్దీ ఆ పద్దులో మిగిలేదాన్ని చదువుకే తిప్పమంటున్నాం. అది కేంద్రంతో పని.

రాష్ట్రాలతో పని ఇంకా తొందరది. రీయింబర్స్‌మెంట్ సొమ్ము విద్యా సంవత్సరం ముగిసేలోపు కాలేజీకి చేరాలి. చేరకపోతే ఆ బకాయి ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉండాలి, విద్యార్థి సర్టిఫికెట్ మీద పడకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టేపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది అమలు చేయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నత విద్యా మండలి ఒక బృందాన్ని పంపితే చాలు. తెలంగాణలో ముప్పై అయిదు వేల పరిమితిని ఫీజులతో పాటు సవరించాలి. పల్లెకు పట్నానికి ఆదాయ పరిమితిలో ఉన్న తేడా ఎత్తేయాలి. కౌలు రైతుకు ఆదాయ ధ్రువీకరణ పత్రం ఇచ్చేటప్పుడు కౌలు ఖర్చు తీసివేసి లెక్క వేయాలి. స్థూల దిగుబడిని ఆదాయంగా రాసి పత్రం తిరస్కరించిన ఉదంతాలు మా దృష్టికి వచ్చాయి.

ఇవి అడగడానికి మన చేతిలో రుజువులు ఉండాలి. జూలైలో జరిగే మండల సమావేశాల్లో మొదటి అంశం ఇదే. కాలేజీ చదువుల్లో పిల్లలున్న ప్రతి సభ్యుడూ మూడేళ్ల ఫీజు రసీదులు, హాస్టల్ రసీదులు, రీయింబర్స్‌మెంట్ వచ్చినట్టు గానీ రానట్టు గానీ చూపే కాగితం, ఆ ఫీజు కోసం తెచ్చిన అప్పు వివరం తీసుకురావాలి. షావుకారి అప్పుకు కాగితం ఉండదు, తెలుసు. తేదీ, మొత్తం, వడ్డీ రేటు ఒక తెల్ల కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి చాలు. పేర్లు బయట పెట్టం. బ్యాంకు రుణం తిరస్కరించినవాళ్లు, సర్టిఫికెట్లు ఆగినవాళ్లు విడిగా కలవండి. వాళ్ల దరఖాస్తులు అక్కడే రాయించి, మండల కమిటీ మనిషిని తోడు పంపుతాం. మొదట మాట్లాడిన ఆ సభ్యుడి డెబ్బై వేల అర్జీ ఇప్పటికే సిద్ధమైంది. ఈ సంచిక మీ చేతికి వచ్చే వారంలోనే ఆయనతో కలిసి జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయానికి వెళుతున్నాం.